న్యోన్యా తలలో సంపెంగ

రంగూన్ ఊళ్ళో లత టౌన్‌షిప్‌లో మేం పెరిగిన సందు మొగలో ఒక చైనా వాళ్ళ ఇల్లుంది. చిన్నప్పుడు ఆ ఇంట్లోకి ఎన్నిసార్లు వెళ్ళి వచ్చానో నాకే తెలియదు. చెప్పులు బయట విడవాలి, పెద్దావిడ పేకాడుతున్నప్పుడు గోల చేయకూడదు, అక్కడి కట్టుబాట్లు ఈ రెండే. అదే ఇంటికి కిందటేడు వానలు వెనకబట్టాక టికెట్ కొనుక్కుని వెళ్ళాను. పక్కన మా అమ్మాయి ఉంది.

ఆ ఇల్లు నా స్నేహితురాలి వాళ్ళది. చైనా వాళ్ళు అంటున్నాను గానీ వాళ్ళ సంగతి వేరు. ఎన్నో తరాల కిందట చైనా నుంచి పెనాంగ్ వచ్చి, అక్కడి మలయా ఆడవాళ్ళను చేసుకుని, వాళ్ళ వంట, వాళ్ళ కట్టు నేర్చుకున్నవాళ్ళ సంతతి. పెరనకన్లు అంటారు. మగవాళ్ళను బాబా అని, ఆడవాళ్ళను న్యోన్యా అని పిలుస్తారు. బియ్యం వ్యాపారం కోసం పెనాంగ్ నుంచి రంగూన్ వచ్చిన ఒక బాబా కట్టించిన ఇల్లది. మేం బడికి వెళ్ళేనాటికే వ్యాపారం చితికిపోయింది. పై అంతస్తులో రంగు అద్దాలు పగిలి పావురాలు చేరాయి. కింద మాత్రం ముత్యపు చిప్పలు పొదిగిన నల్లకర్ర కుర్చీల మధ్య, స్నేహితురాలి నాయనమ్మ పొద్దస్తమానం పేకముక్కలు పరుచుకుని కూర్చునేది.

స్నేహితురాలూ నేనూ ఒకే బెంచీ. వాళ్ళింట్లో వంట ఎప్పుడవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి మధ్యాహ్నాలు మా ఇంట్లోనే తినేది. మా అమ్మని అమ్మా అనే పిలిచేది. మా ఇంట్లో విని విని తెలుగు నేర్చుకుంది. మా వాళ్ళది విశాఖ దగ్గర సముద్రపు ఒడ్డు, తన నోట కూడా ఆ యాసే వచ్చేది. "ఏటమ్మా కూర?" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చే చైనా పిల్లని చూసి ఇంటికొచ్చిన చుట్టాలు పడీపడీ నవ్వేవాళ్ళు.

పెళ్ళయ్యాక నేను ఇదే ఊళ్ళో తామ్వే పేటకి వచ్చేశాను. మాకు అక్కడ పప్పులు, మసాలా దినుసులు, పూజ సామాన్ల కొట్టుంది. కింద కొట్టు, పైన ఇల్లు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. స్నేహితురాలు లతలోనే ఉండిపోయింది. కొన్నేళ్ళ కిందట వాళ్ళ ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి తను ప్రతి ఆదివారం బస్సెక్కి మా అమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నేను కింద మూసిన కొట్లో సరుకు సర్దుకుంటూ ఉండేదాన్ని. పైనుంచి వాళ్ళిద్దరి మాటలు, ఒక్కోసారి తన ఏడుపు వినిపించేవి. నాకు చాలా నిమ్మళంగా ఉండేది. అమ్మకీ తోడు దొరికింది, తనకీ చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికింది అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే పెనాంగ్‌లో ఉన్న వాళ్ళ పెదనాన్న కొడుకు ఆ ఇంటిని బాగుచేయించి మ్యూజియం చేస్తానని వచ్చాడు. చూసుకునే బాధ్యత నా స్నేహితురాలిదే. తెరిచాక పిలుస్తుంది కదా అని ఎదురుచూశాను. పిలవలేదు. నేనే అడిగితే, "ఇప్పుడే రాకే, పైన పనింకా అవ్వలేదు" అంది. ఇంకోసారి అడిగితే రంగులు వేస్తున్నారంది. ఇంతలో మా అమ్మాయి కాలేజీ పిల్లలు కొందరు చూసి వచ్చి తెగ చెప్పారట. అమ్మాయి నా వెంట పడింది. సరే, చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దాం అనుకుని, కొట్టు మా ఆయనకి అప్పగించి బయల్దేరాం.

ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. చెక్కడపు తలుపులకి కొత్త మెరుగు. నేల మీద పూల పలకలు కడిగినట్టున్నాయి. ఇంటి నడిమధ్య కప్పు లేని చోట వాన నేరుగా లోపల పడేలా కట్టిన వాకిలి ఉంటుంది. చిన్నప్పుడు మేం అక్కడ తడిసేవాళ్ళం. ఇప్పుడు అక్కడ తామర కుండీలు పెట్టి, చుట్టూ తాడు కట్టారు. బుగ్గలకి తనకా చెక్క గంధం పూసుకున్న బర్మా అమ్మాయి ఒకతి, న్యోన్యాలు వేసుకునే పల్చటి కుట్టుపని రవికె తొడుక్కుని, మా గుంపుని వెంటబెట్టుకుని తిప్పింది. గులాబీ రంగు పింగాణీ, పెద్దల పటాలున్న పూజ బల్ల, పూసలు కుట్టిన చెప్పులు చూపించింది. మా అమ్మాయి ప్రతిదాని దగ్గరా ఆగుతోంది. ఇక్కడే నేను గోళీలాడాను, ఇక్కడే పడి మోకాలు కొట్టుకున్నాను అని దాని చెవిలో చెబుతూ మెట్లెక్కాను. మనసు పొంగిపోతోంది.

పైన వీధి వైపు గదిలోకి తీసుకెళ్ళింది. ఒక మంచం, పొడవాటి అద్దం ఉన్న బల్ల, కిటికీ. కిటికీకి తాడు కట్టిన ఒక వెదురుబుట్ట వేలాడుతోంది.

"ఈ గది ఈ ఇంటి చివరి న్యోన్యాది," అంది ఆ అమ్మాయి బర్మా భాషలో. "చిన్న వయసులోనే భర్త పోయాడు. భర్త అన్నదమ్ములు వ్యాపారం లాక్కుని, పిల్లల్ని తీసుకుని ఓడెక్కి వెళ్ళిపొమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. విధవ వీధిలోకి రాకూడదు కాబట్టి, ఇంట్లోనే పలహారాలు చేసి, ఈ కిటికీలోంచి బుట్ట దించి అమ్మింది."

ఈ ఊళ్ళో ఏ మేడ చూసినా కిటికీకో తాడు వేలాడుతూనే ఉంటుంది. పాలు, కూరలు, పేపరు అన్నీ అలాగే పైకి లాక్కుంటాం. మా అమ్మమ్మ కథ లాంటిదే వీళ్ళింట్లోనూ జరిగిందన్నమాట, ఇన్నేళ్ళూ ఇది నాకు చెప్పనేలేదే అనుకున్నాను. అంతే అనుకున్నాను.

"ఆమె ముఖం ఎవరూ చూడలేదు. కింద ఉన్నవాళ్ళకి తాడు పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనిపించేది," అంది.

ఆ మాట మా అమ్మది. అచ్చం అమ్మ చెప్పినట్టే, అదే వరసలో వచ్చింది.

"రోజూ పొద్దున్నే ఎవరో ఒకాయన పలహారం తీసుకుని, డబ్బులతో పాటు ఒక సంపెంగ పువ్వు బుట్టలో పెట్టేవాడు. ఆమె ఆ పువ్వుని మళ్ళీ కిందికి పంపేసేది. ఒకరోజు పంపలేదు. తలుపు గడియ పెట్టుకుని, ఈ అద్దం ముందు కూర్చుని, తలలో పెట్టుకుంది. మంచం వెనక ఉన్న కూతురు చూసింది. చూసిందని తల్లికి తెలియదు."

గుంపులో ఎవరో నిట్టూర్చారు. ఆ అమ్మాయి నవ్వుతూ ముగించింది. "తర్వాత ఆయననే పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళిలో వేసుకున్న చెప్పులే ఇవి."

మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎంత బాగుందమ్మా! ఆ కాలంలో అంత దైర్యం ఎలగొచ్చింది ఆవిడికి?" అంది.

తను మాట్లాడేది తన ముత్తవ్వ గురించేనని దానికి తెలియదు. నేను చెప్పలేదు.

ఆ బుట్ట దించింది మా అమ్మమ్మ. ఈ ఇంట్లోంచి కాదు, అదే సందులో మూడో అంతస్తులో ఒంటి గది కిటికీలోంచి. తాతయ్య వాళ్ళది వ్యాపారస్తుల కుటుంబం. ఆయన జ్వరంతో పోయాక అన్నదమ్ములు అమ్మమ్మని, పిల్లల్ని విశాఖ ఓడెక్కించాలని చూశారు. ఆవిడ వెళ్ళలేదు. మినప్పప్పు రుబ్బి గారెలు వేసి బుట్టలో దించితే, రేవులో మూటలు మోసే మనవాళ్ళు కొనుక్కుని తినేవాళ్ళు. ఆ తర్వాత చుట్టాలు ఆవిడ గడప తొక్కలేదు.

ఇదంతా మా వాళ్ళలో కాస్తో కూస్తో అందరికీ తెలిసిందే. పువ్వు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. నా పెళ్ళి ముందు రోజు నా జడకి పూలు కుడుతూ అమ్మ చెప్పింది. మంచం వెనకనుంచి చూసింది అమ్మే. అమ్మమ్మ ఆ పువ్వు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, వెంటనే తీసేసి, కొంగులో ముడేసుకుందట. మర్నాడు వచ్చిన పువ్వుని మాత్రం ఎప్పటిలాగే కిందికి పంపేసిందట. కొన్నాళ్ళకి ఆయన రావడం మానేశాడు. ఎవరో, ఏ ఊరో తెలియదు. అమ్మమ్మ పోయేదాకా తెల్ల చీరలోనే ఉంది. పెళ్ళీ లేదు, పూసల చెప్పులూ లేవు.

"నీకొక్కదానికే సెప్తన్నాను," అంది అమ్మ ఆ రోజు. "మీ ఆయనకి సెప్పకు. రేపు పిల్లలు పుడితే ఆల్లకీ సెప్పకు. నా మీద ఒట్టు."

నేను చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు, నా కన్నకూతురికి చెప్పలేదు. ఒకసారి పక్క ఊరు ట్వంటేలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. తాతయ్య అన్నదమ్ముల వైపు చుట్టం ఒకావిడ, పది మంది తింటున్న చోట నన్ను చూసి, "గారెలావిడ మనవరాలు గదా ఇది! ఆ బుట్టలో గారెలే దించిందో, ఇంకేటి దించిందో ఎవులికి తెలుసు" అంది. అందరూ విస్తళ్ళలోకి చూసుకుంటూ నవ్వారు. మా అమ్మమ్మ చేసిందల్లా ఒక్క పువ్వు పెట్టుకోవడం, అదీ తలుపేసుకుని, అని అరవాలనిపించింది. ఒట్టు గుర్తొచ్చి అన్నం కలుపుకున్నాను. ఆ ముద్ద ఎలా మింగానో నాకే తెలుసు.

మా అమ్మాయిని కింద పింగాణీ గదిలో వదిలి, వెనకవైపు పాత వంటింట్లోకి వెళ్ళాను. దాన్నే ఆఫీసు చేసుకుంది స్నేహితురాలు. నన్ను చూసి లేచి నిలబడింది. నవ్వలేదు. ఎప్పటికైనా నేను వస్తానని తెలిసినట్టే ఉంది ముఖం.

"కూసో. టీ తాగుదువు గానీ."

"పైగదిలో ఉన్నది ఎవులు?" అన్నాను.

తను కప్పులు అందుకుంది.

"మీ నాయనమ్మ ఒక్క రోజైనా ఆ కిటికీ దగ్గర నిలబడిందా? పేకముక్కలు తప్ప ఆవిడ చేతిలో ఇంకేటైనా చూశామా మనం?"

"అదే గదా," అంది నెమ్మదిగా. "మా నాయనమ్మకి కతేటుంది? పేకాడింది, పనోల్లని తిట్టింది, పోయింది. పెనాంగ్ అన్నయ్య ఒక ఆడమనిసి కత కావాలన్నాడు. కుర్చీలు సూడ్డానికి జనం రారు, కత ఇనడానికొస్తారన్నాడు. నాకు ఇంకో కత తెలీదే."

"తెలీకపోతే మాది తీసుకుంటావా?"

"అమ్మ నాకూ సెప్పింది. మా ఆయన పోయినప్పుడు, నానేడుస్తంటే, తల నిమురుతూ సెప్పింది."

"నీ ఏడుపు ఆగుతాదని చెప్పింది. టికెట్ పెట్టి అమ్ముకోమని కాదు."

ఆ మాటకి తన ముఖం ఎర్రబడింది. కుర్చీ పట్టుకుని నిలబడింది. "అమ్మనడిగే పెట్టాను. అడక్కుండా పెడతానా? ఆ పెల్లి... ఆ పెల్లి నాను పెట్టలేదు. అమ్మే పెట్టమంది."

నమ్మలేదు. అబద్ధం అన్నాను. ఇంటికెళ్ళి అడుగు అంది. తీసెయ్ అన్నాను. ఆ గది కోసమే జనం వస్తున్నారని, తీస్తే అన్నయ్య ఊరుకోడని అంది. చివరికి, "నీకంత బాదగా ఉంటే పైకెల్లి సెప్పు. అది మా అమ్మమ్మ కతే అని అందరి ముందూ సెప్పు. నానాపను," అంది.

నేను చెప్పలేనని తనకి తెలుసు. నేను వేసిన ఒట్టు సంగతి కూడా అమ్మ తనకి చెప్పేసింది. తను కళ్ళు కిందికి దించుకోవడంలో అది నాకు తెలిసిపోయింది. చిన్నప్పటినుంచి నా కంచంలోంచి తిన్న మనిషి, నా నోరు కట్టేసి ఉందని చూసుకునే ఈ పని చేసింది. ఇంక అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

బస్సులో మా అమ్మాయి ఆ న్యోన్యా గురించే మాట్లాడుతోంది. ఫోటోలు చూపిస్తోంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆ ఇంటికి వెళ్ళొచ్చామని అమ్మాయి గుమ్మంలోనే చెప్పేసి స్నానానికి వెళ్ళింది. నేనేం అడగకముందే అమ్మ ముందుకి వంగింది.

"ఎల్లినావా? ఎలగుంది? పెల్లి సెప్పులు పెట్టారా? ఏ రంగు?"

మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను.

"నాకెందుకమ్మా ఒట్టు పెట్టావు?"

"పెట్టినాను. నీకు పెట్టినాను. దానికి పెట్టనేదు."

"ఎందుకు? నీ కడుపున పుట్టింది నేను గదా."

"అందుకే," అంది. చింతపండు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "నీ నోట్లోంచొస్తే మా అమ్మ పేరు మీదొస్తాది. మనోల్లు నాలికల మీదేసుకుని నవుల్తారు. దానింట్లో పెడితే ఎవులికీ మనమని తెలీదు. ఎంత మంది ఇంటన్నారంట! ఏడుస్తన్నారంట! మా అమ్మ కోసం ఎవులేడిసినారు అప్పుడు?"

నేను చెదిరిన గింజలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాను.

"ఈడ ఎలాగూ అవ్వనేదు. ఆ ఇంట్లోనైనా పెల్లయింది గదా మా అమ్మకి. తప్పేటి?"

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు. ట్వంటే పెళ్ళిలో మింగిన ముద్ద గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ అమ్మ నన్ను నమ్మి దాచమంది అనుకున్నాను. నమ్మకం కాదు, భయం. నమ్మకం మాత్రం ఆదివారాలు వచ్చే మనిషి మీద పెట్టింది. కావలి కాయడానికి నేను, పంచుకోవడానికి తను.

కొన్నాళ్ళు ఊరుకున్నాను. ఊరుకునే కొద్దీ లోపల ఉడికిపోయింది. ఒట్టు పెట్టిన మనిషే దాన్ని తీసి వీధిలో పారేశాక నేనొక్కదాన్నీ పట్టుకుని కూర్చోవడం ఎందుకు అనిపించింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, కొట్లో గిరాకీ లేక, అమ్మాయీ నేనూ మెంతులు పొట్లాలు కడుతున్నాం. అప్పుడు మొత్తం చెప్పాను. గారెలు, చెయ్యి, పువ్వు, అద్దం. పెళ్ళి జరగలేదని కూడా చెప్పాను.

"తగే లా? నిజమేనా అమ్మా?" అని బర్మాలోనూ తెలుగులోనూ అడుగుతూ పొట్లం వదిలేసి పైకి పరిగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను.

"అమ్మమ్మా, ఆ న్యోన్యా మీ అమ్మేనంట గదా! నువ్వే చూశావంట గదా!"

అమ్మ నన్ను చూసింది. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఓలమ్మ, అది సీనా ఆవిడ కత గదే. మా అమ్మ గారెలమ్మింది, అది నిజమే. పువ్వేటి? మా అమ్మ పువ్వు ముట్టనేదు. మీ అమ్మకి ఆ కత ఇని ఏటో అయినట్టున్నాది."

నా కళ్ళలోకి చూస్తూనే అంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అమ్మ మీద గట్టిగా అరిచి ఉంటే మా అమ్మాయి నన్ను నమ్మేదేమో. అరవలేకపోయాను. ఆ వయసు మనిషిని, కూతురి ముందు, అబద్ధాలాడుతున్నావని ఎలా అనను?

అమ్మాయి ఒకసారి అమ్మమ్మని, ఒకసారి నన్ను చూసింది. కిందికి దిగి వచ్చాక నా భుజం మీద చెయ్యేసింది. "పోనీలే అమ్మా. నాకూ అలగే అనిపించింది, మన ఇంట్లో జరిగుంటే బావుణ్ణని," అంది. ఎంతో ప్రేమగా అంది. ఒకరి సొత్తు మీద ఆశపడ్డ పిల్లని బుజ్జగించినట్టు. నేను మెంతుల డబ్బాకి మూత పెట్టి, ఇంకో డబ్బా తీశాను.

స్నేహితురాలు ఇప్పటికీ ఆదివారాలు వస్తుంది. మొదట్లో ఒకసారి మెట్ల మీద నా దారికి అడ్డంగా నిలబడి, "మాటాడవేటే నాతో?" అంది. "మా ఇంట్లో నీకు తెలీనిదేముంది, కొత్తగా మాటాడ్డానికి," అన్నాను. తను పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత అడగలేదు. పైకి టీ నేనే పంపిస్తాను, అమ్మ కోసం ఇంటికి వచ్చిన మనిషి కాబట్టి. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ పెళ్ళి గురించే అయి ఉంటుంది. ఈ మధ్య మ్యూజియంలో చెప్పే ఆ కథలో పెళ్ళి విందు కూడా చేర్చారని మా అమ్మాయి స్నేహితులు చెప్పారు.

ఆదివారాలు కొట్టు మూసే అలవాటు ఉండేది మాకు. ఇప్పుడు తెరిచే ఉంచుతున్నాను. మా ఆయన ఎందుకని అడిగితే, గిరాకీ బాగుంటోందని చెప్పాను.